మడవని బొటనవేలు

పోయిన నెల నర్సింగ్ కాలేజీ నుంచి ముగ్గురమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు నర్సులకు పై చదువు ఒకటి వచ్చిందట, నర్స్ ప్రాక్టీషనర్ అని. డాక్టరు చూడకముందే రోగితో కూర్చుని, ఏం జబ్బో అంచనా వేసి, ఎంత తొందరో వీళ్ళే తేల్చాలట. అందులో మనసు జబ్బుల పరీక్ష కూడా ఒక పేపరు. నాకు ఒక ఫారం చూపించారు. ప్రశ్నలు, పక్కన గళ్ళు, కింద మొత్తం. మీ కాలంలో ఇది ఎలా చేసేవారో మాకు రాసిపెట్టండి మేడమ్ అని అడిగారు.

మేం చేసిందీ అదే పనమ్మా, ఇంత పెద్ద పేరు లేదు, అంతే. ఫారం బాగానే ఉంది. రెండుసార్లు చదివాను. చివరి ప్రశ్న దగ్గర కళ్ళజోడు తీసి కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ ప్రశ్న ఒక ఇంట్లో నేను అడగకుండా లేచి వచ్చేశాను. ఆ సంగతి దాచిపెట్టి మిగతా ముప్పై ఏళ్ళ గురించి ఎంత రాసినా సొంత డబ్బా అవుతుంది. నా ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో వెతక్కండి. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చిమ్మటలు కొట్టకుండా ఉంటే.

బోర్డు మీద లేని మాట

మాది తెనాలి దగ్గర ఊరు. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, ఎనిమిదేళ్ళు ఒక సర్కారు మానసిక వైద్యశాలలో చేశాను. అక్కడ మా హెడ్ సిస్టర్ వార్డులోకి అడుగు పెట్టకుండానే అరవై మంది రోగుల కాగితాలు నింపేది. మాట: సాధారణం. నిద్ర: సాధారణం. మనసు: సాధారణం. అరవై మందీ అంత సాధారణంగా ఉంటే వాళ్ళని లోపల పెట్టి తాళం ఎందుకు వేశామో ఆవిడే చెప్పాలి. ఆవిణ్ణి చూసి నవ్వుకునేదాన్ని. ఒకరోజు నేనూ అలాంటి కాగితమే రాస్తానని అప్పుడు ఎవరైనా చెబితే కొట్టేదాన్ని.

ఎనభైల మొదట్లో జూబ్లీ హిల్స్‌లో డాక్టర్ రఘునాథరావు గారి దగ్గర చేరాను. అప్పటికి అక్కడ ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. మేడలో కింది భాగం ఆసుపత్రి, పైన ఆయన కాపురం. గేటు మీద ‘నరాల వైద్యశాల’ అని బోర్డు. మనసు అన్న మాట ఆ బోర్డు మీద ఎక్కడా లేదు. నరాల జబ్బంటే ఎవరికైనా రావచ్చు, పెళ్ళి సంబంధాలు చెడవు, నిర్మాతలు వెనక్కి పోరు. సినిమావాళ్ళకు వెనక గేటు వేరే ఉండేది. కార్ల అద్దాలకు కర్టెన్లు. డ్రైవర్లు ఒకరినొకరు గుర్తుపట్టనట్టు నటించేవారు, వాళ్ళ యజమానుల కన్నా బాగానే.

డాక్టరు గారు వక్కపొడి నములుతూ చాలా తక్కువ మాట్లాడేవారు. ఎప్పుడూ కేకలేసి ఎరగరు, అయినా మాకు హడల్. కొత్త రోగి ఎవరొచ్చినా ముందు నేను కూర్చోవాలని ఆయన నియమం. "నా గదిలోకి వచ్చేసరికి అందరూ డాక్టరుకు చెప్పాల్సిన మాటలు తయారుచేసుకుని వస్తారు, నువ్వు బీపీ చూస్తుంటే మాత్రం నోరు జారతారు, ఆ జారిందే నాకు కావాలి" అనేవారు.

నాకు ఆయన నేర్పిన పరీక్ష మొత్తం ఒక చేతిలో పట్టేది. చిటికెన వేలు నిద్ర. ఉంగరం వేలు తిండి. మధ్యవేలు పని. చూపుడువేలు మనుషులు, అంటే ఇంట్లోవాళ్ళతో, బయటివాళ్ళతో ఎలా ఉంటున్నారన్నది. చివరికి బొటనవేలు, చావు. ఒక్కొక్కటీ అడిగి ఒక్కొక్క వేలూ మడవాలి. "నాలుగు వేళ్ళు మడిచి బొటనవేలు వదిలేస్తే అది పిడికిలి కాదు సిస్టర్. అది మడవకుండా గదిలోంచి బయటికి రాకు" అన్నారు. చెడు ఆలోచనలు వస్తున్నాయా అని చుట్టుతిప్పి అడిగితే ఆయన ఒప్పుకునేవారు కాదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని తిన్నగా అడగాలి.

అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవదా అని ఒకసారి అడిగాను. ఆకలేస్తోందా అని అడిగితే నిండిన కడుపుకి ఆకలి పుడుతుందా అన్నారు. మీ పుస్తకాల్లో ఇదే సంగతి పెద్ద పేరాగా ఉండి ఉంటుంది. దానికి ఆ ఒక్క వాక్యం చాలు.

పానం మంచిగ లేదు

ఎల్లమ్మ షేక్‌పేట పాత ఊళ్ళోంచి వచ్చింది. ఫిలింనగర్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్ళకు కంకర మోసేది. తలనొప్పి అని మూడు ఆసుపత్రులు తిరిగి, ఎవరో నరాల డాక్టరంటే మా దగ్గరికి వచ్చింది. నేను మా కోస్తా తెలుగులో మనసు బాగోలేదా అమ్మా అని అడిగాను. వింతగా చూసింది.

"మనసుకేమైంది సిస్టరమ్మా, మనసు మంచిగనే ఉంది. పానమే మంచిగ లేదు. బువ్వ లోపలికి పోతలేదు. పొద్దుగూకితే గుండె గుంజుతది" అంది.

నేను మనసు అన్నదాన్ని ఆమె పానం అంటుంది. అప్పటినుంచి వచ్చినవాళ్ళ మాటలోనే అడగడం అలవాటు చేసుకున్నాను. మనిషి దిగులుని దిగులు అని పేరు పెట్టి తీసుకురాడు. కడుపులో మంట అంటాడు, అరికాళ్ళు మండుతున్నాయంటాడు, గొంతులో ఏదో అడ్డం పడిందంటాడు. నాలుగు వేళ్ళూ మడిచి, బతుకు చాలించుకోవాలని అనిపిస్తోందా అని ఎల్లమ్మని అడిగాను. కాసేపు గోడవైపు చూసింది.

"గీ మాట నన్ను అడిగింది నువ్వొక్కదానివే. కూసో, చెప్త" అంది.

నేను నిలబడి ఉన్నానని ఆమె చెప్పాకే గమనించాను. కూర్చున్నాను. గంటన్నర చెప్పింది. ఏడాది పాటు మందులు వాడి బాగుపడి, కొడుకు పెళ్ళికి పిలవడానికి వచ్చింది. నాకు ఆ ప్రశ్న తెలీక కాదు, దాని విలువ తెలీక కాదు. అది చెప్పడానికే ఎల్లమ్మ గురించి రాశాను.

ఇంకో పాఠం ఒక హీరోయిన్ గారి మేనేజరు నేర్పాడు. నేను ఆవిణ్ణి అడుగుతుంటే అతను జవాబిస్తాడు. మేడమ్‌కి నిద్ర ఫస్ట్ క్లాసండీ, మేడమ్‌కి ఆకలి బ్రహ్మాండమండీ అని. కారులో పాత రిపోర్టులు ఉన్నాయేమో చూసి రమ్మని పంపించాను. రిపోర్టులేవీ లేవని నాకూ తెలుసు. అతను మెట్లు దిగాడో లేదో ఆవిడ, ఆయనకి నిద్ర బాగానే పడుతోంది సిస్టర్, నాకే పట్టట్లేదు అంది. తోడు వచ్చినవాళ్ళని గదిలోంచి పంపాలి, తలుపు వేయాలి. ఇది మీ ఫారంలో ఎక్కడా రాసి లేదు, పైన మీరే రాసుకోండి.

సుభద్ర గొంతు

సుభద్ర డబ్బింగ్ చెప్పేది. రాజమండ్రి మనిషి. చిన్నప్పుడే మద్రాసు వెళ్ళి, పరిశ్రమ ఇక్కడికి తరలివస్తుంటే భర్తతో శ్రీనగర్ కాలనీకి వచ్చింది. ఆమె గొంతు రాష్ట్రమంతా ఎరుగును. ముఖం వీధి చివర కూరగాయలమ్మే ఆవిడకి కూడా తెలీదు. భర్త ప్రకాశరావు గారు పదిహేనేళ్ళుగా కో-డైరెక్టరు, అంటే పని మొత్తం చేసి, కుర్చీ మాత్రం ఇంకొకరికి వేసేవాడు. ఇంట్లో అత్తగారు, పన్నెండేళ్ళ కూతురు ప్రసన్న.

గొంతులో చిన్న గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది. గొంతు తిరిగి వచ్చింది గానీ పిలుపులు తిరిగి రాలేదు. ఈలోగా కొత్త గొంతులు వచ్చేశాయి. సుభద్ర మెల్లగా ఇంట్లో మాట్లాడటం మానేసింది. స్నానానికి లేవడం మానేసింది. ప్రకాశరావు గారు ఒక మధ్యాహ్నం వెనక గేటులోంచి వచ్చి డాక్టరు గారి ముందు ఏడ్చాడు. సరిగ్గా అప్పుడే ఆయనకు డైరెక్షన్ అవకాశం వచ్చింది. భార్యకు పిచ్చి అన్న మాట బయటికి పొక్కితే నిర్మాత తప్పుకుంటాడని భయం. భార్య బతకాలి, సినిమా కూడా బతకాలి. ఆయన్ని నేను తప్పు పట్టను, రెండూ ఆయనకు ప్రాణమే.

అందుకని ఒక ఏర్పాటు చేశాం. డాక్టరు గారు మొదట ఒకసారి చూసి మందులు రాశారు. ఆ తర్వాత వారానికోసారి నేను ఆటోలో వాళ్ళింటికి వెళ్ళేదాన్ని, బలం ఇంజెక్షన్ ఇచ్చే సిస్టరుగా. చుట్టుపక్కల అన్నీ సినిమా ఇళ్ళే. ఇంజెక్షన్ సిస్టరు వస్తే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ రోజుల్లో సగం జూబ్లీ హిల్స్‌కి మేం ఇలాగే వెళ్ళేవాళ్ళం. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ లొటారం మోసుకు తిరిగే సంచీ మాది.

మొదటి రోజే బొటనవేలు మడిచాను. సుభద్ర నా చేతివంకే చూస్తూ, అనిపిస్తుంది సిస్టర్, ప్రసన్నని చూసి ఆగుతున్నాను అంది. మందులు అత్తగారి బీరువాలో పెట్టించాం. ఆమె ఒక్కతే ఉండకుండా చూడమన్నాం. అత్తగారు మంచి మనిషి. రాత్రి కోడలి మంచం పక్కనే చాప వేసుకునేది. వారం వారం వెళ్ళాను, వారం వారం ఐదు వేళ్ళూ మడిచాను. అలవాటైపోయి, నేను కూర్చోగానే సుభద్ర తనే చిటికెన వేలు చూపించి, నాలుగ్గంటలు పడుకున్నాను అనేది. ప్రసన్న గుమ్మంలో నిలబడి నా లాగే వేళ్ళు మడిచేది. మొదట్లో పోమ్మా, ఆడుకో అనేదాన్ని, తర్వాత్తర్వాత అనడం మానేశాను. రెండో నెలకి బొటనవేలి దగ్గర జవాబు, ఈ వారం తక్కువే అని వచ్చింది. మూడో నెలలో, రెండుసార్లే అనిపించింది అని.

ఒకరోజు నవ్వు డబ్బింగ్ ఎలా చెబుతారని సరదాకి అడిగాను. ఏడుపు తేలిక సిస్టర్, నవ్వే కష్టం, పొట్టలోంచి తీయాలి, మన ముఖంతో దానికి పనిలేదు అని చెప్పి, నవ్వి చూపించింది. పదహారేళ్ళ పిల్ల గలగలమని నవ్వినట్టు గది నిండిపోయింది. ముఖం మాత్రం కదల్లేదు. అంటే ఆమె నాకు ముందే చెప్పింది. కళ్ళారా చూపించింది కూడా.

ముహూర్తానికి ముందు రోజు

గురువారం సినిమా ఓపెనింగ్. ముహూర్తానికి ముందొకసారి చూద్దామని, మామూలుగా వెళ్ళే శుక్రవారం దాకా ఆగకుండా బుధవారం ఉదయం నేను వెళ్ళేసరికి వాళ్ళింటికి మామిడి తోరణాలు, హాల్లో పూజ. శాస్త్రిగారు మంత్రాలు చదువుతున్నారు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన పూజ అది. అత్తగారు పట్టుచీరలో నాకెదురొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా సిస్టరూ, ఇవాళా రేపూ మా ఇంట్లో అశుభం మాట ఏదీ వద్దు తల్లీ. నువ్వు వచ్చినప్పుడల్లా అడిగేది నాకు తెలుసు. ఇవాళ్టికి సూది మందిచ్చి వెళ్ళు" అంది.

నేను ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, ముహూర్తాలు నాకు లేవు. నిజం చెప్పాలంటే, అందుకే మరీ జాగ్రత్తపడ్డాను. కిరస్తానీ సిస్టరు వచ్చి శుభమా అని పూజ జరుగుతున్న ఇంట్లో చావు మాట ఎత్తింది అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. అంటారేమోనని నేనే ఊహించుకున్నాను.

సుభద్ర గదిలో ఉంది. తలస్నానం చేసి, ఆకుపచ్చ పట్టుచీర కట్టి, జడలో పూలు పెట్టుకుంది. మూడు నెలల్లో ఆమెను అలా చూడటం అదే మొదలు. తలుపు బార్లా తెరిచి ఉంది, గుమ్మంలోంచి పూజ కనిపిస్తోంది. చిటికెన వేలు, నిద్ర బాగా పట్టింది అంది. ఉంగరం వేలు, పొద్దున పులిహోర తిన్నాను అంది. మధ్యవేలు. ఈ సినిమాలో హీరోయిన్‌కి నేనే చెబుతున్నాను సిస్టర్ అంది. గొంతు తేనెలా ఉంది. చూపుడువేలు, అందరూ ఎంత ఆనందంగా ఉన్నారో చూడండి అని నవ్వింది.

హాల్లో గంట మోగింది. నేను చెయ్యి తెరిచేసి, సంచీలోంచి సిరంజి తీశాను. సుభద్ర నా చేతి వంక చూస్తూనే ఉంది.

"ఇవాళ నాలుగేనా సిస్టర్?" అంది.

నేను నవ్వాను. "శుభమా అని ముహూర్తం పెట్టుకున్నారు, ఇవాళెందుకమ్మా ఆ మాట. శుక్రవారం మళ్ళీ వస్తాగా."

"అవున్లెండి. అత్తయ్య బాధపడతారు" అని ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నేను విన్నాను, ముఖం చూడలేదు. సిరంజిలో బుడగలు పోగొడుతున్నాను.

ఆసుపత్రికి వచ్చి కాగితం మీద రాశాను. గొంతు స్పష్టంగా ఉంది. నవ్వుతోంది. బాగా మెరుగు. డాక్టరు గారు చదివి, ఆమెతో ఇవాళ సాయంత్రం ఒకసారి ఫోన్లో మాట్లాడదామనుకుంటున్నాను, పండగ వాతావరణం ఒక్కోసారి మంచిది కాదు అన్నారు. తర్వాత కళ్ళెత్తి, బొటనవేలు మడిచావా అని అడిగారు.

మడిచానండి, లేదంది అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇన్నేళ్ళ తర్వాత కూడా సరిగ్గా చెప్పలేను. తిడతారని భయం కొంత. శుక్రవారం ఎలాగూ వెళ్తాను కదా, అప్పుడు అడిగి సరిచేసేద్దాం అన్న లెక్క కొంత. ఆయన నా మాట నమ్మారు. ఫోన్ చెయ్యలేదు.

ఆ కాగితం

గురువారం కొబ్బరికాయ కొట్టారు, క్లాప్ కొట్టారు. శుక్రవారం ఉదయం నేను సంచీ సర్దుకుంటుంటే ఫోన్ వచ్చింది. సుభద్ర లేదు. ఎలా అన్నది నేను రాయను. మీకు అక్కర్లేదు, అలాంటి వివరం చదివినవాళ్ళకు ఏం తోస్తుందో మనకు తెలీదు. బయటివాళ్ళకు గుండెపోటు అని చెప్పారు. అందరూ నమ్మినట్టే తలలూపారు.

ప్రకాశరావు గారు వరండాలో నేలమీద కూర్చుని, నేను అడక్కుండానే చెప్పాడు. హీరోయిన్ పాత్రకు నిర్మాత మద్రాసు నుంచి వేరే గొంతుని ఖాయం చేశాడట. మంగళవారమే సుభద్రకు తెలిసిందట. ఆమె ఒక్క మాట కూడా అనలేదని, బుధవారం పొద్దున్నే లేచి తనంతట తనే పట్టుచీర కట్టుకుంటే బాగుపడిందనుకున్నానని చెప్పి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఆ సినిమా ఆగిపోయింది. ఆయనకు మళ్ళీ కుర్చీ ఎవరూ ఇవ్వలేదు.

అత్తగారు లోపలినుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు ఎంత గట్టిగా బిగించిందంటే నా గాజు ఒకటి చిట్లింది.

"నేనే అన్నానమ్మా ఆ మాట ఎత్తొద్దని. నేను అనకపోతే నువ్వు అడిగేదానివి కదూ?" అంది.

ఆ ముసలామె ముఖం చూసి నిజం చెప్పడం నా వల్ల కాలేదు. "లేదండీ, మీరన్నా నేను అడిగాను. తనే చెప్పలేదు" అన్నాను. ఆమె పట్టు వదిలింది. ప్రసన్న ఆమె కొంగు పట్టుకుని వెనకే నిలబడి ఉంది.

ఈ రెండో అబద్ధం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. మొదటిదానికి మాత్రం క్షమాపణ లేదు. ఆ సాయంత్రమే డాక్టరు గారి గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను, ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన చాలాసేపు వక్కపొడి డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. సుభద్ర కాగితాలు తీసి నా ముందు పెట్టి, చింపకు, కొట్టివేయకు, కింద నిజం రాసి సంతకం పెట్టు అన్నారు. ఐదో ప్రశ్న అడగలేదు, అడిగానని డాక్టరు గారికి చెప్పాను అని రాశాను.

"మానేస్తే నీ పేరున ఈ ఒక్క కాగితమే మిగుల్తుంది. రేపు తొమ్మిదింటికి రా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన తప్పు కూడా ఉంది, అది చెప్పకపోతే మీకు నేర్పినట్టు కాదు. ఇంజెక్షన్ అనే అబద్ధానికి మేమిద్దరం ఒప్పుకున్నాం. సూది మందుకి తలుపు వేయమని ఎవరూ అనరు, రెండు నిమిషాలకంటే ఎక్కువ కూర్చోనివ్వరు, ఆ పని అయ్యాక ఇంకేమైనా అడిగితే అధికప్రసంగం. మేనేజరుని గదిలోంచి పంపిన దాన్నే, ఆ ఇంట్లో మాత్రం పన్నెండేళ్ళ పిల్ల గుమ్మంలో ఉండగా, అత్తగారు వింటుండగా, తలుపు తెరిచి ఉండగా చావు బతుకుల మాట అడిగేదాన్ని. ఇంజెక్షన్ సిస్టరుగా ఆ ఇంట్లోకి వెళ్ళాను, బుధవారం ఇంజెక్షన్ సిస్టరుగానే బయటికి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత మారువేషాల పని మానేశాం. రావాలనుకున్నవాళ్ళు వెనక గేటులోంచైనా రావాలి, గదిలో నాతో ఒంటరిగా కూర్చోవాలి. కొందరు పెద్ద ఇళ్ళవాళ్ళు రావడం మానుకున్నారు. డాక్టరు గారు బోర్డు కూడా మార్పించారు, మనసు అన్న మాట పెట్టి.

నేను ఆ తర్వాత ఏ కాగితం మీదా ‘నవ్వుతోంది’ అని రాయలేదు. ఏం చూసి అలా అనుకున్నానో అది రాసేదాన్ని. బాగుపడ్డారనిపించిన రోజున ఇంకో పావుగంట ఎక్కువ కూర్చునేదాన్ని. కడుపులో చల్ల కదలకుండా చెప్పే తియ్యటి జవాబులంటే నాకు ఇప్పటికీ భయం.

ప్రసన్న

ఈ భాగం ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే ఇక్కడ పెట్టాను. పేర్లు మార్చమంది, మార్చాను.

పదేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం నా గది బయట ఎవరో రిసెప్షన్‌లో నా పేరు అడుగుతున్నారు. ఆ గొంతు వినగానే రాస్తున్న పెన్ను ఆగిపోయింది. అది సుభద్ర గొంతే. తలుపు తోసుకుని వచ్చింది మాత్రం ఇరవై రెండేళ్ళ అమ్మాయి. నల్ల చుడీదార్, భుజాన సంచీ. తనే తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను ప్రసన్నని అంది. ఆ మాట అక్కర్లేదు.

తనూ డబ్బింగే చెబుతోందట. మొదట చిన్నపిల్లల గొంతులు, ఇప్పుడు హీరోయిన్లకి. నాన్న రాజమండ్రి వెళ్ళిపోయాడు. నాయనమ్మ పోయిన ఏడాది పోయింది. ఇవన్నీ హాయిగా, వార్తలు చదివినట్టు చెప్పుకుపోయింది. నేను గొంతు వినడం మానేసి చేతులు చూశాను. గోళ్ళు నెత్తురు చిమ్మేదాకా కొరికి ఉన్నాయి.

"మీరు అమ్మని అడిగానని ఆ రోజు నాయనమ్మతో చెప్పారు. నాయనమ్మ ఆ మాట పట్టుకునే బతికింది, ఆ మాట పట్టుకునే పోయింది. నిజంగా అడిగారా?"

అడిగానని చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. చూసినవాళ్ళెవరూ లేరు. చనిపోయిన పెద్దావిడకి చెప్పిన మాట కూడా నిలబడుతుంది. ఈ పిల్ల మనశ్శాంతిగా లేచి వెళ్తుంది. ఇవన్నీ నా తలలో తిరిగాయి, కాదనను.

"లేదమ్మా. అడగలేదు" అన్నాను.

ప్రసన్న నా చేతి వంక చూసింది. తర్వాత వచ్చిన గొంతు సుభద్రది కాదు, ఎవరిదీ కాదు, ఎండిపోయి ఉంది.

"నాకు తెలుసు. గుమ్మంలో నేనే ఉన్నాను. మీ బొటనవేలు చూశాను. నాలుగేనా అని అమ్మ అడగడం విన్నాను. మీరు మళ్ళీ అబద్ధం చెబితే లేచి వెళ్ళిపోదామనుకున్నాను."

నేను ఏడ్చాను. రోగి ముందు ఏడవకూడదని మీకు చెబుతారు, మాకూ చెప్పారు. ఆమె నన్ను ఓదార్చలేదు, అది న్యాయమే. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగింది. తర్వాత సంచీ తీసి కింద పెట్టింది.

"ఇప్పుడు నన్ను అడగండి" అంది.

నేను చెయ్యి టేబుల్ మీద పెట్టాను. అప్పటిదాకా ఎప్పుడూ చిటికెన వేలితోనే మొదలుపెట్టాను. ఆ రోజు బొటనవేలు ముందు మడిచాను.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?"

"అనిపిస్తోంది" అంది ప్రసన్న.

ఫోనెత్తి ఆ పూట ఎవరినీ లోపలికి పంపవద్దని, డాక్టరు గారిని కిందికి రమ్మనమని చెప్పాను. కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నాను. మిగతా నాలుగు వేళ్ళూ ఆ తర్వాత మడిచాను.